సిస్టమ్ టైము రోజూ వెనకబడుతోంది, బోర్డు మీది బిళ్ల సెల్ మార్చినా అదే తంతు

బాణసవాడి_బుల్లోడు
అసెంబుల్డ్ డెస్క్‌టాప్, విండోస్ 10, మదర్‌బోర్డు పాతదే. పొద్దున ఆన్ చేసేసరికి టైము వెనకబడి ఉంటుంది. ఒకరోజు పావుగంట, ఇంకోరోజు గంటన్నర, దానికో లెక్కాపత్రం లేదు. తేదీ మాత్రం మారదు. చేత్తో సరిచేస్తే రాత్రి పడుకునేదాకా నిక్షేపంగా నడుస్తుంది, మర్నాడు మళ్లీ మొదటికే. రెండు నెలల కింద బెంగళూరు ఎస్పీ రోడ్డులో బోర్డు మీది బిళ్ల సెల్ మార్పించాను, కొన్నాళ్లు బాగుండి మళ్లీ మొదలెట్టింది. ఇప్పుడు షాపాయన బోర్డే మార్చమంటున్నాడు. ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే వీపీఎన్ కోడ్ ఈ సిస్టమ్‌లోని యాప్‌లోనే వస్తుంది, టైము తేడాతో అది చెల్లడం లేదు. బోర్డు మార్చాల్సిందేనా?

వైట్‌ఫీల్డ్_వేణు
బోర్డేంటి గురూ! సెట్టింగ్స్‌లో ఇంటర్నెట్ టైము ఆన్ చేసి ‘సింక్ నౌ’ నొక్కు, అయిపోతుంది.

సోల్డర్_సుబ్బడు
అది రోగం తగ్గించడం కాదు, కప్పెట్టడం. ఇవాళ టైమే పోతోంది. సెల్ పూర్తిగా పడుకున్న రోజు బయోస్ (విండోస్ కన్నా ముందు లేచే బోర్డు ప్రోగ్రాం) సెట్టింగులూ పోతాయి, అప్పుడు బూట్ ఆర్డర్లూ రెయిడ్ మోడ్‌లూ వెతుక్కుంటూ కూర్చోవాలి.

లినక్స్_లచ్చి
@సుబ్బడు కొత్త బోర్డులు చాలావాటిలో సెట్టింగులు ఫ్లాష్ చిప్‌లోనే ఉంటాయి, సెల్ పోతే టైమొక్కటే పోతుంది. పాత బోర్డు అన్నాడు కాబట్టి మీ మాటే పట్టుకుందాం.

క్వార్ట్జ్_పిచ్చి
బోర్డు సంగతి తర్వాత. ముందు ఒక్కటి తేల్చాలి: టైము పోయేది మెషీన్ నడుస్తున్నప్పుడా, ఆగి ఉన్నప్పుడా?

పీసీలో గడియారాలు రెండు. బోర్డు మీద ఆర్‌టీసీ (రియల్ టైమ్ క్లాక్) ఒకటి, 32.768 కిలోహెర్ట్జ్ క్వార్ట్జ్ క్రిస్టల్‌తో నడుస్తుంది, కరెంటు లేనప్పుడు దానికి ఆధారం ఆ బిళ్ల సెల్లే. రెండోది విండోస్ లెక్కపెట్టుకునేది. బూట్ అయ్యేటప్పుడు ఆర్‌టీసీలో టైము చూసుకుని, అక్కణ్నుంచి ప్రాసెసర్ కౌంటర్‌తో తన లెక్క తను వేసుకుంటుంది. పగలంతా బాగుండి పొద్దున తప్పుతోందంటే విండోస్ నిర్దోషి, ఆర్‌టీసీని పట్టుకోవాలి.

ఇంకో మెలిక ఉంది. షట్‌డౌన్ చేసినా గోడ స్విచ్ ఆన్‌లో ఉంటే పవర్ సప్లై నుంచి 5 వోల్టుల స్టాండ్‌బై వస్తూనే ఉంటుంది. అందులోంచి తీసిన 3.3 వోల్టులు ఆర్‌టీసీని పోషిస్తాయి, సెల్ మీద భారం దాదాపు పడదు. స్విచ్ కట్టేస్తేనే సెల్ వంతు వస్తుంది. కాబట్టి ఒక రాత్రి షట్‌డౌన్ చేసి స్విచ్ ఆన్‌లోనే వదిలేయండి, ఇంకో రాత్రి స్విచ్ కట్టేయండి. పొద్దున లాన్ వైరు పీకి, విండోస్‌లోకి పోకుండా నేరుగా బయోస్‌లోకి వెళ్లి అక్కడి సెకన్లను ఫోన్‌తో పోల్చండి. విండోస్‌లో చూస్తే ఈలోపు అది సింక్ చేసేసుకుని మనల్ని బోల్తా కొట్టిస్తుంది.

సోల్డర్_సుబ్బడు
స్విచ్ కట్టేసే బాపతే అయ్యుంటాడు, రాసిస్తా. మనిళ్లలో రాత్రి స్పైక్ గార్డ్ ఎర్రలైటు వెలుగుతుంటే పెద్దాళ్లు ఊరుకుంటారా.

బాణసవాడి_బుల్లోడు
సుబ్బడుగారు కరెక్ట్. రోజూ కట్టేస్తాం. ఈ రెండు పరీక్షలూ చేసి చెప్తాను.

వైట్‌ఫీల్డ్_వేణు
అయితే రాత్రి కట్టేయకపోతే సరి కదా, పైసా ఖర్చు లేదు 😄

పెరంబూర్_పార్థు
వేణు చెప్పిన ఇంటర్నెట్ సింక్ గురించి. పనికొస్తుంది కానీ ‘ఆన్ చేస్తే అయిపోతుంది’ అన్నంత సులువు కాదు. డొమైన్‌లో (ఆఫీసు సర్వర్ అదుపులో ఉండే నెట్‌వర్క్‌లో) లేని మెషీన్‌లో విండోస్ టైమ్ సర్వీస్ ఎప్పుడూ నడుస్తూ ఉండదు, ఏదో ఒక ట్రిగ్గర్ తగిలితేనే లేస్తుంది. పాత విండోస్‌లో సర్వర్‌ని అడిగేది వారానికి ఒకసారి, అంటే 6,04,800 సెకన్లకు. విండోస్ 10 కొత్త బిల్డుల్లో అది 32,768 సెకన్లు, తొమ్మిది గంటల పైచిలుకు. పొద్దున 9కి ఆన్ చేస్తే సాయంత్రం దాకా తప్పు టైముతోనే నడవొచ్చు.

అడ్మిన్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి డబ్ల్యూ32టీఎం /క్వెరీ /స్టేటస్ కొట్టండి. చివరిసారి ఎప్పుడు సింక్ అయ్యిందో, ఏ సర్వర్‌తో అయ్యిందో చెప్తుంది. ‘సోర్స్’ దగ్గర ‘లోకల్ సీమోస్ క్లాక్’ (మెషీన్ సొంత గడియారం) అని ఉంటే అసలు ఏ సర్వర్‌నీ అందుకోలేదన్నమాట. యూడీపీ 123 పోర్టు రౌటర్‌లోనో ఆఫీసు ఫైర్‌వాల్‌లోనో మూసేసి ఉంటే ఇలాగే అవుతుంది.

ఇంకోటి చాలామందికి తెలీదు. టైము తేడా 15 గంటలు దాటితే సొంత మెషీన్‌లో విండోస్ సింక్ చేయనంటుంది. రిజిస్ట్రీలో ఆ హద్దు 54,000 సెకన్లు. సెల్ పూర్తిగా పోయి తేదీ ఏ 2015కో పోయినప్పుడు ‘సింక్ నౌ’ ఎంత నొక్కినా కదలనిది అందుకే. ముందు తేదీ చేత్తో సరిచేసి, తర్వాత డబ్ల్యూ32టీఎం /రీసింక్ కొట్టాలి.

బీటీఎం_బాచి
అలా తేదీ పోయినప్పుడు బ్రౌజర్‌లో ఏ సైటూ తెరుచుకోదు, సర్టిఫికెట్లన్నీ ‘ఇంకా అమల్లోకి రాలేదు’ అంటాయి. జనం వైరస్ అనుకుని ఫార్మాట్ కొట్టిస్తారు. షాపులకు పండగ.

కోడ్_కాఫీ
మధ్యలో దూరుతున్నా ఏమనుకోకండి. నాదీ వెనకబడుతోంది, ఎప్పుడూ సరిగ్గా ఐదున్నర గంటలు. సెల్ మార్చాలా?

లినక్స్_లచ్చి
ఉబుంటు కూడా వేసుకున్నావు కదూ? సెల్ జోలికి పోకు తమ్ముడూ. లినక్స్ ఆర్‌టీసీలో యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) రాస్తుంది. విండోస్ దాన్నే మన లోకల్ టైము అనుకుని చదువుతుంది. మనకూ యూటీసీకీ తేడా 5:30 కాబట్టి విండోస్ సరిగ్గా అంతే వెనకబడుతుంది. లినక్స్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1 అని కొడితే అది దారికొస్తుంది. కానీ నా ఓటు రెండో పద్ధతికి: విండోస్ రిజిస్ట్రీలో హెచ్‌కే లోకల్ మెషీన్, సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, కంట్రోల్, టైమ్‌జోన్ ఇన్ఫర్మేషన్ దాకా వెళ్లి ‘రియల్‌టైమ్‌ఈజ్‌యూనివర్సల్’ పేరుతో ఒక డీవర్డ్ (అంకె విలువ పెట్టే ఎంట్రీ) చేసి విలువ 1 పెట్టు. ఆ పేరు ఖాళీలు లేకుండా ఒకే మాటగా ఉండాలి. రీస్టార్ట్ చేశాక టైము ఒకసారి సింక్ చెయ్యి.

కోడ్_కాఫీ
అయిపోయింది అక్కా, థాంక్స్.

క్వార్ట్జ్_పిచ్చి
ఎంత వెనకబడుతోందన్న అంకెలోనే సగం జవాబుంటుంది. రోజుకు 86,400 సెకన్లు. ఒక పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) తప్పు అంటే రోజుకు 0.0864 సెకను. బోర్డు మీది మామూలు క్రిస్టల్ తేడా 20 పీపీఎం, అంటే రోజుకు 1.7 సెకన్లు. నెలకు ఒక నిమిషం లోపు తేడా వస్తే అది జబ్బు కాదు, దాని నైజం.

ఎండాకాలం ఇంకొంచెం నెమ్మదిస్తుంది. ఈ క్రిస్టల్‌కి 25 డిగ్రీల దగ్గర వేగం గరిష్టం, వేడెక్కినా చల్లబడినా తగ్గడమే తప్ప పెరగదు. తగ్గుదల డిగ్రీల తేడా వర్గానికి సుమారు 0.034 పీపీఎం చొప్పున. కేబినెట్ లోపల 55 డిగ్రీలుంటే తేడా 30, దాని వర్గం 900, అంటే 30 పీపీఎం పైన, రోజుకు రెండున్నర సెకన్ల చిల్లర. చెన్నై మే నెల ఎండలోనైనా రోజుకు అంతే.

బుల్లోడిది ఒక రాత్రిలో గంటన్నర. పది గంటలకు తొంభై నిమిషాలంటే లక్షన్నర పీపీఎం. ఏ క్రిస్టలూ అంత నెమ్మదిగా ఊగలేదు. అది నెమ్మదించడం లేదు, ఆగి ఆగి నడుస్తోంది. అంటే ఆర్‌టీసీకి అందే వోల్టేజీ ఎక్కడో హద్దు కింద ఊగిసలాడుతోంది.

పెరంబూర్_పార్థు
వీపీఎన్ కోడ్ చెల్లకపోవడం కూడా ఇందులోదే. ఆ కోడ్ 30 సెకన్లకోసారి మారుతుంది, సర్వర్లు మామూలుగా అటో మెట్టు ఇటో మెట్టు ఒప్పుకుంటాయి. నిమిషం దాటితే ఇక అంతే సంగతులు. డొమైన్ లాగిన్‌కైతే కెర్బెరోస్ (ఆ లాగిన్‌ని సరిచూసే పద్ధతి) ఐదు నిమిషాల దాకా ఓర్చుకుంటుంది.

బాణసవాడి_బుల్లోడు
రిజల్ట్ వచ్చింది. స్విచ్ ఆన్‌లో వదిలిన రాత్రి బయోస్‌లో తేడా సెకను కూడా లేదు. కట్టేసిన రాత్రి 40 నిమిషాలు వెనక్కి. ఆన్‌లైన్‌లో కొత్త సెల్ ఆర్డర్ పెట్టేయనా?

సోల్డర్_సుబ్బడు
ఆగు. రెండు నెలల కిందటి సెల్ మళ్లీ చచ్చిందంటే అనుమానం సెల్ మీద కాదు, దాన్ని తాగేస్తున్న వాడి మీద రావాలి. మల్టీమీటర్ ఉందా?

స్విచ్ కట్టేసి, ప్లగ్ పీకి, పవర్ బటన్ ఐదు సెకన్లు నొక్కిపట్టు, మిగిలిన ఛార్జ్ దిగిపోతుంది. మీటర్ 20 వోల్టుల డీసీలో పెట్టు. నల్ల ప్రోబ్ బోర్డు బిగించిన స్క్రూ మీద, ఎర్రది సెల్ పైముఖం మీద. సెల్‌ని హోల్డర్‌లోంచి తీయకుండానే చూడాలి. బయటికి తీసి చూస్తే లోడ్ లేక ఎంత ముసలి సెల్ అయినా కాసేపటికి తేరుకుని పెద్ద అంకె చూపిస్తుంది. కొత్త సీఆర్2032 అయితే 3.2 చుట్టుపక్కల ఉంటుంది. 2.9 పైన ఉంటే పర్లేదు, 2.7 కిందకొస్తే మార్చేయడమే.

ఇప్పుడు అసలు కొలత. హోల్డర్ పక్కన, సెల్ ప్లస్ నుంచి బయల్దేరే దారిలో 102 అని రాసున్న చిన్న రెసిస్టర్ ఉంటుంది, ఒక కిలో ఓమ్. మీటర్ మిల్లీవోల్టుల్లో పెట్టి దాని రెండు కొసల మధ్య చూడు. ఒక మిల్లీవోల్టు వస్తే ఒక మైక్రోయాంపు కారుతున్నట్టు, లెక్క తేలిక. మంచి బోర్డులో 2 నుంచి 6 మధ్య వస్తుంది.

బీటీఎం_బాచి
ఆ రెసిస్టర్ దొరక్కపోతే కాగితం పద్ధతి ఉంది. సెల్ ప్లస్ ముఖానికీ హోల్డర్ క్లిప్పుకీ మధ్య సన్నటి కాగితం ముక్క దూర్చాలి. మీటర్ మైక్రోయాంప్ రేంజిలో పెట్టి ఎర్ర ప్రోబ్ సెల్ ముఖానికి, నల్లది క్లిప్పుకి ఆనించాలి. మొదట కెపాసిటర్లు నిండుతూ ఎక్కువ చూపిస్తుంది, ఒక నిమిషం ఆగి చదవండి. కరెంటు రేంజిలో ఉన్న మీటర్‌ని పొరపాటున సెల్ ప్లస్ మైనస్‌ల మధ్య పెట్టారో, సెల్లూ మీటర్ ఫ్యూజూ రెండూ పోతాయి.

వైట్‌ఫీల్డ్_వేణు
బిళ్ల సెల్ కోసం ఇంత పోస్టుమార్టమా!

క్వార్ట్జ్_పిచ్చి
అవతల షాపులో బోర్డు మార్చమన్నారు స్వామీ. దాని ఖరీదుతో పోలిస్తే మీటర్ ఎంత.

మైలాపూర్_మౌస్
ఈలోగా ఓవర్‌క్లాకింగ్ (ప్రాసెసర్ వేగం మార్చి ఆడే) బాపతు వాళ్లకి. టైము మెషీన్ నడుస్తుండగానే వెనకబడితే కథ వేరు. విండోస్ నడుస్తుండగా సాఫ్ట్‌వేర్‌తో బేస్ క్లాక్ (ప్రాసెసర్ వేగానికి మూలమైన క్లాక్) 100 మెగాహెర్ట్జ్ నుంచి 97కి దించారనుకోండి. విండోస్ బూట్‌లో పెట్టుకున్న లెక్కనే పట్టుకుని కూర్చుంటే గంటకు 108 సెకన్లు వెనకబడుతుంది. ఈ గొడవతోనే 2013లో ఓవర్‌క్లాకింగ్ స్కోర్ల సైటు హెచ్‌డబ్ల్యూబాట్ వాళ్లు విండోస్ 8 మీద తీసిన బెంచ్‌మార్క్ స్కోర్లు పక్కన పెట్టారు. గడియారం నెమ్మదిస్తే స్కోరు వేగంగా కనిపిస్తుంది మరి.

గేమ్‌లు స్మూత్‌గా నడుస్తాయని వీడియోలు చూసి బీసీడీఎడిట్‌తో (విండోస్ బూట్ సెట్టింగులు మార్చే కమాండ్) ‘యూజ్‌ప్లాట్‌ఫామ్‌క్లాక్’ ట్రూ పెట్టుకున్నవాళ్లు కూడా అది తీసేసి చూడండి: బీసీడీఎడిట్ /డిలీట్‌వాల్యూ యూజ్‌ప్లాట్‌ఫామ్‌క్లాక్, తర్వాత రీస్టార్ట్.

కోడ్_కాఫీ
తత్కాల్ కోసం పది గంటలకు సెకన్లతో సహా సరిపెట్టుకోవాలంటే ఏ సర్వర్ మంచిది? 😁

లినక్స్_లచ్చి
నీ గడియారం ఎంత కచ్చితంగా ఉన్నా అక్కడ తలుపు తెరిచేది వాళ్ల గడియారం తమ్ముడూ.

సర్వర్ మాటకొస్తే మన దేశంలో ప్రామాణిక సమయాన్ని చూసేది ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ. దాని సర్వర్ టైమ్ డాట్ ఎన్‌పీఎల్‌ఇండియా డాట్ ఓఆర్‌జీ. కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీవి సమయ్1, సమయ్2 డాట్ ఎన్‌ఐసీ డాట్ ఇన్. 2022 ఏప్రిల్ 28న కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో కంపెనీలు తమ సిస్టమ్‌ల టైమును ఈ రెండు సంస్థల సర్వర్లకో, వాటికి ముడిపడ్డ సర్వర్లకో కలపాలని ఉంది. ఇంట్లో వాడేవాళ్లకు ఇన్ డాట్ పూల్ డాట్ ఎన్‌టీపీ డాట్ ఓఆర్‌జీ చాలు.

బాణసవాడి_బుల్లోడు
కొలిచాను. హోల్డర్‌లో ఉండగా సెల్ 2.58 వోల్టులు. 102 రెసిస్టర్ మీద 310 మిల్లీవోల్టులు. మీటర్ తప్పేమోనని ప్రోబ్‌లు మార్చి చూసినా అంతే.

సోల్డర్_సుబ్బడు
దొరికాడు దొంగ!

310 మైక్రోయాంపులు. ఉండాల్సినదానికి యాభై రెట్ల పైనే. సీఆర్2032 సామర్థ్యం సుమారు 220 మిల్లీయాంప్ అవర్స్. 0.31తో భాగిస్తే 700 గంటలు. రోజుకు 14 గంటలు స్విచ్ కట్టేసి ఉంటే యాభై రోజులకు సెల్ ఖాళీ. రెండు నెలల కింద వేయించానన్నావు, లెక్క అతికినట్టు సరిపోయింది. అదే 5 మైక్రోయాంపులైతే 44,000 గంటలు, పూర్తిగా కట్టేసి పెట్టినా ఐదేళ్లు.

ఇంకా చూడు. సెల్ 2.58, అందులో రెసిస్టర్ దగ్గరే 0.31 పోయింది, తర్వాత డయోడ్ (కరెంటును ఒకే దిక్కుకు పోనిచ్చే భాగం) దగ్గర ఇంకో 0.2 చిల్లర. చిప్‌కి చేరేది 2 వోల్టుల అంచున. సాధారణంగా ఆర్‌టీసీకి కనీసం కావల్సిందీ అంతే. అందుకే కాసేపు నడుస్తుంది, కాసేపు ఆగుతుంది. కొత్త సెల్ వేసినప్పుడు 3.2 లోంచి ఇవన్నీ పోయినా 2.7 మిగిలేది, అందుకే కొన్నాళ్లు బాగుంది.

క్వార్ట్జ్_పిచ్చి
@సుబ్బడు రెసిస్టర్ మీద అంత డ్రాప్ వచ్చిందంటే కారుతున్నది రెసిస్టర్ దాటాకే. హోల్డర్ దగ్గర కాదు. డయోడ్, దాని పక్క కెపాసిటర్, క్లియర్ సీమోస్ జంపర్ (బయోస్ సెట్టింగులు చెరిపే పిన్నులు), లేదా చిప్ లోపల. మొదటి మూడైతే బతికినట్టే.

సోల్డర్_సుబ్బడు
అదే చెప్పబోతున్నా. బుల్లోడూ, సెల్ తీసి మంచి వెలుతురులో, ఫోన్ కెమెరా జూమ్ పెట్టి హోల్డర్ చుట్టూ రెండంగుళాల మేర చూడు. మూడు కాళ్ల నల్ల బుల్లి డయోడ్ ఒకటి ఉంటుంది, దాని చుట్టూ ముఖ్యంగా. సెల్ తీసేముందు బయోస్ పేజీలన్నీ ఫొటో తీసుకో.

పెరంబూర్_పార్థు
ఆగండాగండి! బిట్‌లాకర్ (విండోస్ డిస్కుకి వేసే తాళం) ఉందా? ఉంటే ముందు సస్పెండ్ చేసి, రికవరీ కీ వేరే చోట రాసిపెట్టుకుని అప్పుడు సెల్ తీయండి. బయోస్ సెట్టింగులు మారితే బూట్‌లో 48 అంకెల కీ అడుగుతుంది. అది లేకపోతే డిస్కులోని డేటా మర్చిపోవాల్సిందే.

బీటీఎం_బాచి
సెల్ మార్చడానికైతే బయోస్ పోకుండా చిన్న ఉపాయం: ప్లగ్ స్విచ్ ఆన్‌లో ఉంచి, సిస్టమ్ షట్‌డౌన్‌లో ఉండగా మార్చేయడం. స్టాండ్‌బై ఉంటుంది కాబట్టి ఏదీ పోదు.

సోల్డర్_సుబ్బడు
వద్దు బాచీ. సెల్ చేతిలోంచి జారి బోర్డు మీద పడితే స్టాండ్‌బై లైను షార్టవుతుంది, సౌత్‌బ్రిడ్జి (బోర్డు మీది పెద్ద చిప్) పోతే నువ్విస్తావా? ఫొటోలు తీసుకుంటే సరిపోయేదానికి సాహసాలెందుకు.

బీటీఎం_బాచి
ప్లాస్టిక్ పట్టకారు వాడితే జారదు. సర్వర్లలో ఇలాగే చేస్తారు.

సోల్డర్_సుబ్బడు
సర్వర్ మాన్యువల్‌లో కూడా ముందు పవర్ వైరు పీకమనే ఉంటుంది, చదువు.

బాణసవాడి_బుల్లోడు
బిట్‌లాకర్ లేదు. సెల్ తీసి చూశాను. మూడు కాళ్ల డయోడ్ పక్కన ఆవగింజంత కెపాసిటర్ ఉంది. దాని ఒక కొస నుంచి ఇంకో కొసకి తెల్లగా, అంచుల్లో పచ్చగా ఏదో పొర కట్టి ఉంది. గోటితో గీకితే పొడిపొడిగా రాలుతోంది. పైన ఫ్యాన్ జాలీలో బొద్దింక రెట్టలు కూడా ఉన్నాయి.

క్వార్ట్జ్_పిచ్చి
అదే! రెట్ట తేమ పీల్చుకుని ఉప్పు పొర అవుతుంది, రాగిని తిని పచ్చగా మారుతుంది. కెపాసిటర్ రెండు కొసలంటే ఆర్‌టీసీ సప్లైకీ గ్రౌండ్‌కీ మధ్య అడ్డదారి. 2 వోల్టులకు 310 మైక్రోయాంపులంటే ఆరున్నర కిలో ఓమ్‌ల రెసిస్టర్ అక్కడ అతికించినట్టే. ప్లగ్ ఆన్‌లో ఉంటే ఆ నష్టం స్టాండ్‌బై భరిస్తుంది, కట్టేస్తే సెల్ భరించాలి. గోటితో గీకడం ఆపండి, కెపాసిటర్ ఊడొస్తుంది.

సోల్డర్_సుబ్బడు
ప్లగ్ పీకి, సెల్ తీసి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన పాత టూత్‌బ్రష్‌తో మెల్లిగా రుద్దు. మురికి తేలాక నూగు రాలని గుడ్డతో ఒత్తి తుడువు, పూసెయ్యకు. మళ్లీ ఒకసారి. అరగంట ఆరనివ్వు. ఎస్పీ రోడ్డులో సోల్డరింగ్ సామాను అమ్మే చోట ఐపీఏ అంటే చిన్న సీసా ఇస్తారు.

శానిటైజర్ వాడొద్దు, అందులో నీళ్లూ గ్లిజరినూ ఉంటాయి, కొత్త పొర తయారవుతుంది. పెట్రోలు, సెంటు, తుప్పు వదిలించే స్ప్రేలు ఏవీ వద్దు.

ఆరాక కొత్త సెల్ వేసి మళ్లీ 102 మీద కొలువు. పదిలోపుకి దిగితే పని అయినట్టు. దిగకపోతే డయోడ్ వెనక్కి కారుతోందేమో చూడాలి: ప్లగ్ పీకి ఉన్నా బోర్డు స్టాండ్‌బై 3.3 లైను మీద వోల్టేజీ కనిపిస్తుంటే దోషి డయోడే. హాట్ ఎయిర్ ఉన్న ఏ మొబైల్ రిపేర్ కుర్రాడైనా మార్చేస్తాడు. అదీ కాకపోతే చిప్ లోపలే. అప్పుడు షాపాయన మాట వినాలి.

మైలాపూర్_మౌస్
సెల్ కొనేటప్పుడు ఒకటి చూడండి. డబ్బాలో విడిగా కలిపి పోసిన సెల్స్ వద్దు, ఒకదానికొకటి తగిలి అక్కడే సగం ఖాళీ అయ్యుంటాయి. చెన్నై రిచీ స్ట్రీట్ అయినా ఎస్పీ రోడ్ అయినా ఇదే తంతు. రేకు కార్డు మీద విడివిడిగా సీలు చేసి, తేదీ వేసినవి తీసుకోండి. సీఆర్2025 ఇచ్చి ‘అదే ఇది’ అంటారు. దాని మందం 2.5 మిల్లీమీటర్లు, మనకు కావాల్సింది 3.2. క్లిప్పు సరిగా ఆనదు.

సోల్డర్_సుబ్బడు
ఎల్‌ఐఆర్2032 కూడా చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటుంది. అది రీఛార్జ్ సెల్, నిండుగా ఉంటే 4.2 వోల్టులు. బోర్డులో వేయకూడదు. కొన్ని పాత ల్యాప్‌టాప్‌ల్లో దీనికి తిరగేసిన కథ: లోపల వైరుతో ఉండే ఎంఎల్ రకం రీఛార్జ్ సెల్ ఉంటుంది, దాని స్థానంలో సీఆర్ వేస్తే బోర్డు దానికి ఛార్జింగ్ పెట్టబోతుంది, ఉబ్బి కారుతుంది. పాత సెల్ మీద ఏ అక్షరాలుంటే అవే తెచ్చుకోవాలి.

కోడ్_కాఫీ
ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ ఉబుంటు ఉంది. మూత మూసి తెరిస్తే అందులో టైము ఆగిపోయి ఉంటుంది. ఇది కూడా బొద్దింకేనా?

లినక్స్_లచ్చి
😂 కాదులే. హోస్ట్ (నీ ల్యాప్‌టాప్) నిద్రపోతే గెస్ట్‌కి (లోపలి ఉబుంటుకి) కాలం ఆగిపోతుంది. గెస్ట్ అడిషన్స్ వేస్తే అది హోస్ట్ టైమును గెస్ట్‌లోకి తెస్తుంది. లేదా గెస్ట్‌లో క్రోనీ (నెట్ నుంచి టైము సరిచేసే ప్రోగ్రాం) వేసుకో. క్రోనీ కాన్ఫిగ్‌లో మామూలుగా ‘మేక్‌స్టెప్ 1.0 3’ ఉంటుంది: సెకను మించిన తేడా వస్తే మొదటి మూడు అప్‌డేట్ల వరకే ఒక్క గెంతులో సరిచేస్తుంది, తర్వాత నిదానంగా లాక్కొస్తుంది. నిద్రపోయి లేచే మెషీన్‌కి ఆ 3 బదులు -1 పెట్టు, ఎప్పుడైనా గెంతుతుంది. డేటాబేస్ నడిచే మెషీన్లలో మాత్రం -1 వద్దు, టైము వెనక్కి గెంతితే రికార్డుల వరస తారుమారవుతుంది.

నేరుగా లినక్స్ నడిపేవాళ్లు క్రోనీసీ ట్రాకింగ్ కొడితే ‘ఫ్రీక్వెన్సీ’ లైనులో మీ గడియారం ఎన్ని పీపీఎం స్లోనో ఫాస్టో చెప్తుంది. పదుల్లో ఉంటే మామూలే. వందలు దాటితే డీమెసేజ్‌లో (కెర్నల్ లాగ్‌లో) ‘టీఎస్‌సీ అన్‌స్టేబుల్’ అన్న మాట వెతకండి, టీఎస్‌సీ అంటే ప్రాసెసర్ కౌంటర్. కెర్నల్ దాన్ని వదిలేసి హెచ్‌పీఈటీకో, ఏసీపీఐ టైమర్‌కో (బోర్డు మీది వేరే టైమర్లు) మారి ఉంటుంది. బయోస్ అప్‌డేట్‌తో చాలాసార్లు పోతుంది.

బాణసవాడి_బుల్లోడు
కడిగాను. ఆరాక సీలు చేసిన కొత్త సెల్ వేశాను. 102 మీద 5 మిల్లీవోల్టులు! సెల్ 3.21. రాత్రి స్విచ్ కట్టేసి పొద్దున బయోస్‌లో చూస్తే ఫోన్‌తో తేడా ఒక సెకను లోపే. వీపీఎన్ కోడ్ కూడా తీసుకుంది.

వైట్‌ఫీల్డ్_వేణు
ఇప్పుడైనా ఇంటర్నెట్ సింక్ ఆన్ చెయ్యి గురూ.

పెరంబూర్_పార్థు
ఇప్పుడు చేయొచ్చు, తప్పులేదు. సర్వీసెస్‌లో విండోస్ టైమ్‌ని ఆటోమేటిక్ పెట్టండి, క్రిస్టల్ నెలకు తినే ఆ కాసిన్ని సెకన్లు అది చూసుకుంటుంది.

క్వార్ట్జ్_పిచ్చి
ఫ్యాన్ జాలీకి సన్నటి మెష్ బిగించండి, కార్డులు లేని వెనక స్లాట్‌లకు రేకు పట్టీలు పెట్టండి. బొద్దింకలు దూరేది అక్కణ్నుంచే. నెల తర్వాత 102 మీద మళ్లీ ఒకసారి కొలవండి. పొర కింద రాగి తిని ఉంటే తేమ పట్టినప్పుడు అంకె మళ్లీ పెరుగుతుంది. అప్పుడు ఆ కెపాసిటర్ తీయించి కింద కడిగించాలి.

అపార్ట్‌మెంట్_సెక్రెటరీ
మా సీసీటీవీ డీవీఆర్ కూడా ఇలాగే వెనకబడుతోంది. దానికీ ఇదే వైద్యమా?

సోల్డర్_సుబ్బడు
దానికి రాత్రీ పగలూ కరెంటు ఉంటుంది కదండీ, సెల్ వంతు వచ్చేది పవర్ కట్‌లోనే. మీది కట్ అయిన రోజే తప్పుతుంటే సెల్ చూడండి, లోపల బోర్డు మీదే ఉంటుంది. రోజూ కొన్ని సెకన్లు తప్పుతుంటే అది క్రిస్టల్ తేడా. మెనూలో ఎన్‌టీపీ (నెట్ నుంచి టైము తెచ్చుకునే పద్ధతి) ఆన్ చేసి, టైమ్‌జోన్ జీఎంటీ ప్లస్ 5:30 పెట్టి, అప్‌డేట్ వ్యవధి 60 నిమిషాలు ఇవ్వండి. డీవీఆర్‌కి గేట్‌వే, డీఎన్‌ఎస్ అడ్రసులు ఇచ్చారో లేదో చూసుకోండి. అవి లేక ఎన్‌టీపీ ఆన్‌లో ఉన్నా పనిచేయనివే ఎక్కువ.

అపార్ట్‌మెంట్_సెక్రెటరీ
డీఎన్‌ఎస్ దగ్గర అన్నీ సున్నాలే ఉన్నాయి.

సోల్డర్_సుబ్బడు
8.8.8.8 పెట్టి, ఎన్‌టీపీ పేజీలో టెస్ట్ బటన్ ఉంటే నొక్కండి.